దుప్పి వెంట నడిచే సంఘాలు

న్యూజిలాండ్‌లో దుప్పుల వేటగాళ్లకు ఒక సంఘం ఉంది. 1937లో పుట్టింది. దేశం నలుమూలలా శాఖలున్నాయి. సభ్యులు ఏటా చందా కడతారు, అధ్యక్షుణ్ని, కార్యదర్శిని ఎన్నుకుంటారు, జమాఖర్చులు చదివి ఆమోదిస్తారు. కొండల్లో రాత్రిపూట తలదాచుకోవడానికి కొన్ని శాఖలు గుడిసెలు చూసుకుంటాయి. రేకు లేచిపోతే సుత్తీ మేకులూ పట్టుకుని సభ్యులే పోయి బిగించి వస్తారు. కొత్తగా చేరినవాడికి తుపాకి పట్టుకోవడం, దిక్కు తెలుసుకోవడం, వాగు దాటడం, కొట్టిన దుప్పిని పాడుకాకుండా కోసి భుజాన మోసుకురావడం నేర్పుతారు. దొంగచాటు వ్యవహారం ఏమీ లేదు. అంతా బాజాప్తా.

ఇక్కడ మన దగ్గర దుప్పి మీద చెయ్యి వేస్తే జైలు. తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా చుక్కల దుప్పే, మనం వాడుకలో జింక అనేది. అలాంటప్పుడు వేట సంఘాల గురించి వరంగల్ రేడియోలో ముచ్చటేమిటి అని మీకు అనిపించవచ్చు. నా ఆరాటం వేట గురించి కాదు. అడవిలోకి ఎవరు పోవచ్చు, ఎవరిని అడిగి పోవాలి, పోయినవాడు ఎవరికి జవాబు చెప్పాలి అన్న లెక్క ఆ సంఘాల్లో ఎట్లా తేలిందో చూస్తే, మన పాకాల, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో అది ఇంకా ఎందుకు తేలలేదో కొంత అర్థమవుతుంది.

న్యూజిలాండ్ సంగతి చిత్రమైనది. గబ్బిలాలను మినహాయిస్తే నేలమీద తిరిగే పాలిచ్చే జంతువు ఆ దేశానికి సొంతంగా ఒక్కటీ లేదు. 1851 నుంచి వలస వచ్చిన ఇంగ్లండ్‌వాళ్లు ఎర్ర దుప్పులను ఓడల్లో తెచ్చి కొండల్లో వదిలారు. వాళ్ల సొంత దేశంలో దుప్పి అంటే భూస్వామి సొత్తు. పేదవాడు కొడితే శిక్ష. కొత్త దేశంలోనైనా సామాన్యుడు తుపాకి భుజాన వేసుకుని కొండెక్కగలగాలన్న కోరిక అందులో ఉంది. అయితే అక్కడ పులి లేదు, తోడేలు లేదు. దుప్పులు వేలు, లక్షలయ్యాయి. అడవిలో మొలకెత్తిన ప్రతి చెట్టునూ కొరికేశాయి, కొండచరియలు జారడం మొదలైంది. 1930 వచ్చేసరికి ప్రభుత్వం దుప్పికి ఉన్న రక్షణ తీసేసి, జీతమిచ్చి మనుషుల్ని పెట్టి చంపించింది. సరదాకు వేటాడేవాళ్లు తమ మాట కూడా వినాలని సంఘం కట్టుకున్నది ఆ కాలంలోనే.

ఇక దారి సంగతి. సర్కారు భూమిలో వేటాడాలంటే అక్కడి సంరక్షణ శాఖ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. ఆ శాఖ 1987లో ఏర్పడింది. రైతు భూమి మీదుగా పోవాలంటే రైతును అడగాలి. అక్కడి రైతు సులభంగా ఒప్పుకోడు. గేటు తీసి ఉంటే తీసినట్టు, వేసి ఉంటే వేసినట్టు వదలాలి. గొర్రెలు ఈనే కాలంలో ఆ వైపు పోకూడదు. కుక్కల్ని వదలకూడదు. ఒక్క సభ్యుడు గేటు తెరిచి మరిచిపోయి గొర్రెలు రోడ్డెక్కాయంటే, మరుసటి ఏడు ఆ దారి సంఘం మొత్తానికి మూసుకుపోతుంది. అందుకే సభ్యుడిని అదుపులో పెట్టేది పోలీసు కంటే ముందు తోటి సభ్యుడే. సంఘం అంటే నా దృష్టిలో ఇదే. మిగతా రసీదు పుస్తకాలు, రబ్బరు ముద్రలు ఎవరైనా చేయించుకోవచ్చు.

నడవడానికి హక్కు వేరు, తుపాకి పట్టుకుని నడవడానికి హక్కు వేరు అని కూడా బయటి దేశాల్లో తేల్చుకున్నారు. స్కాట్లాండ్‌లో 2003లో భూసంస్కరణ చట్టం తెచ్చి, ఎవరి భూమి మీదనైనా బాధ్యతగా నడిచిపోయే హక్కు జనానికి ఇచ్చారు. అదే చట్టం వేటను, చేపలు పట్టడాన్ని ఆ హక్కులోంచి తీసేసింది. దొరవారి ఎస్టేటులో నువ్వు నడవచ్చు, ఆయన దుప్పిని మాత్రం ముట్టవద్దు అని. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం మనవాళ్లకు బాగా తెలిసిందే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ రాష్ట్రంలో నూటికి 95 వంతులు ప్రైవేటు భూమే. అందుకని వేటగాళ్లు కొందరు కలిసి, రైతు దగ్గర ఒక సీజనుకు వేట హక్కును కౌలుకు తీసుకుంటారు. కౌలు కాగితంలో ఎన్ని దుప్పులు, ఏ గేటు, ఏ బావి, ఎంతమంది అతిథులు అన్నీ రాసుకుంటారు.

ఆ టెక్సాస్ కొండల్లో వేటాడేవాటిలో మన చుక్కల దుప్పి కూడా ఉంది. ఇది నాకు ఎప్పుడు తలచుకున్నా వింతగానే ఉంటుంది. 1930లలో తీసుకుపోయి వదిలితే అక్కడ స్థిరపడిపోయింది. బయటి జంతువు కాబట్టి సీజను అడ్డు లేదు, లైసెన్సు ఉంటే ఏడాది పొడుగునా కొట్టవచ్చు. హవాయి దీవుల రాజు ఐదవ కమెహమెహాకు 1860లలో కానుకగా పోయినవీ ఈ దుప్పులే. మొలకాయి దీవిలో మొదలై, 1959లో మావి దీవికి చేరి, ఇప్పుడు పచ్చిక బయళ్లను, తోటలను తినేస్తున్నాయని అక్కడి రైతులు మొత్తుకుంటున్నారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పశువుల ఎస్టేటు ఒకదానికి 1886లో నాలుగు పోతే, అక్కడా ఇదే కథ. అంటే పాకాల అడవిలో ఒక గుంపు కనబడితే కెమెరాలు తీసే మనం ఒకవైపు, అదే గుంపు కనబడితే తుపాకులు తీసే వాళ్లు ఇంకోవైపు. జంతువు ఒక్కటే. తేడా పులిలో ఉంది, భూమిలో ఉంది, లెక్కలో ఉంది.

పొంచి నడిచి వేటాడటం ఎట్లా ఉంటుందో కాస్త చెబుతాను. మాటు వేసి కూర్చోవడం వేరు, ఇది వేరు. మొదటి పాఠం గాలి. దుప్పి కన్ను కదలికను పడుతుంది, చెవి చప్పుడును పడుతుంది, ముక్కు మాత్రం కొండ అవతలి మనిషిని కూడా పడుతుంది. గాలి నీ మొహం మీదకు కొట్టాలి గానీ వీపు మీద కొట్టకూడదు. అందుకు పిడికెడు మెత్తటి దుమ్ము తీసి వేళ్ల సందుల్లోంచి వదిలి చూస్తారు. ఇది న్యూజిలాండ్‌వాడు కనిపెట్టింది కాదు, ఏజెన్సీ ఊళ్లలో పెద్దవాళ్లను అడగండి. ఎండాకాలంలో మన అడవిలో ఇంకో కష్టం ఉంది. టేకు ఆకు. అప్పడంలా ఎండిపోయి నేలంతా పరుచుకుని ఉంటుంది. అడుగు వేస్తే ఫర్లాంగు దూరం వినబడుతుంది. కాబట్టి వాగు ఇసుకలోంచో, పశువుల బాటలోంచో నడవాలి. కొండముచ్చులు ఏ చెట్టు మీద ఉన్నాయో చూడాలి. అవి తింటూ సగం కొరికిన ఆకులూ కాయలూ పారేస్తుంటే కింద దుప్పులు ఏరుకుంటాయి. పై నుంచి కొండముచ్చు ఖక్కుమని కేక వేస్తే కింద దుప్పి తల ఎత్తుతుంది. దుప్పి తోక లేపి కీచుమంటే పైన కొండముచ్చు జాగ్రత్తపడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే చెట్ల కింద తెల్లవారుజామున దుప్పులు చేరతాయి. గంప పట్టుకుని పువ్వు ఏరడానికి వచ్చే ఆడవాళ్లకు, ఎలుగుబంటికి, దుప్పికి ఆ చెట్టు కింద రోజూ పోటీ.

ఇంత కష్టపడి దగ్గరకు పోయాక కూడా ట్రిగ్గరు నొక్కేముందు ఒక నియమం ఉంది. న్యూజిలాండ్ తుపాకి భద్రతా నియమాల్లో అది ముఖ్యమైనది: గురి పెట్టింది ఏమిటో రవ్వంత అనుమానం లేకుండా తేల్చుకో. పొదలో కదిలింది దుప్పి కావచ్చు, తోటి వేటగాడూ కావచ్చు. ఈ నియమాన్ని మనసులో పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైల్లో నెక్కొండ స్టేషన్ దాటనివాళ్లు ఇక్కడ తక్కువ. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం అతిథిగా వేటకు వచ్చింది అక్కడికే. ఆయనా, భార్యా నిలబడి ఉంటారు, కాళ్ల ముందు చచ్చిన పులి. నెక్కొండ దగ్గర, వరంగల్ జిల్లా అని కింద రాసి ఉండే ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. వలస పాలన గురించి వచ్చిన పుస్తకాల్లో ఇప్పటికీ వేస్తుంటారు. ఫోటోలో ఇద్దరే. ఆ పులిని తుపాకి ముందుకు తోలినవాళ్లు లేరు. డప్పులు కొట్టుకుంటూ, డబ్బాలు మోగిస్తూ, కేకలు వేస్తూ అడవి ఒక కొస నుంచి ఇంకో కొసకు జంతువుల్ని తోలుకురావడాన్ని హాంకా అనేవాళ్లు. ఒక పెద్ద శికారుకు ఎన్ని ఊళ్ల మనుషులు కావాలో ఊహించుకోండి. పులికి ఎరగా కట్టేసే దున్నపిల్ల ఎవరిదో, డేరాలకు నీళ్లు మోసింది ఎవరో, అధికారుల గుర్రాలకు గడ్డి కోసింది ఎవరో అడక్కర్లేదు. తెలంగాణలో దానికి పేరుంది: వెట్టి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం తిరగబడిన వాటిలో ఈ చాకిరీ ముందు వరసలో ఉంటుంది.

అంటే నిజాం రాజ్యంలో వేట అనేది పైనుంచి దయచేసే వస్తువు. నిజాందీ, పాయిగా నవాబులదీ, ఇంగ్లీషు అతిథులదీ, కింద దేశ్‌ముఖుదీ. హైదరాబాద్ పక్కన వనస్థలిపురం దగ్గరున్న హరిణ వనస్థలి నిజాం వేటస్థలమే. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా దానికి ఆయన పేరు పెట్టి కృష్ణజింకల పార్కు చేశారు. వేట మైదానానికి అహింస బోధించిన మహాత్ముడి పేరు. పెట్టినవాళ్లు తెలిసే పెట్టారని నేను నమ్ముతాను.

అదే కాలంలో బ్రిటిష్ ఇండియాలో సభ్యులు నడిపే వేట సంఘం లేకపోలేదు. అప్పటి ఆంధ్ర జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, నీలగిరుల్లో 1877లో తెల్లదొరలు ఒకటి పెట్టుకున్నారు. రెండేళ్లకు, 1879లో, నీలగిరి వేటజంతువులు, చేపల సంరక్షణ చట్టం వచ్చింది. ఏ నెలల్లో కొట్టకూడదు, ఆడదాన్నీ పిల్లనూ కొట్టకూడదు, లైసెన్సు లేకుండా కొట్టకూడదు. ఆ సంఘం తర్వాత పేరు మార్చుకుని ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ సంఘంగా నడుస్తోంది. లెక్క పెట్టడం అలవాటైనవాడు చివరికి కాపలాదారు కావడం ఎన్నోచోట్ల జరిగింది. కానీ నీలగిరి సంఘం గురించి చెప్పేటప్పుడు ఒకటి మరవద్దు. అక్కడి ఇరుల, కురుంబ మనుషులకు ఆ చట్టం ఇచ్చింది సభ్యత్వం కాదు, నేరస్థుడన్న పేరు.

మరి మన దగ్గర సభ్యులు నడిపే వేట అసలు లేదా అంటే, ఉంది. చందా లేదు, రసీదు లేదు. కోయ గూడేలలో విత్తనాలు వేసే ముందు వచ్చే పండుగకు మగవాళ్లందరూ కలిసి అడవికి పోయేవాళ్లు. భూమి పండుగ అనండి, విజ్జ పండుగ అనండి. ఊరిలో ఒక్కడు కూడా ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు. ఆడవాళ్లు బాటకు అడ్డం నిలబడి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ పైసలు వసూలు చేస్తారు, ఆ వసూలు ఇప్పటికీ ఉంది. వేట దొరక్కుండా ఖాళీ చేతులతో తిరిగివస్తే మగవాళ్లకు మర్యాద దక్కేది కాదు, పేడనీళ్లతో ఎదురుకోలు. దొరికితే పోగులు పెట్టేవాళ్లు. మొదటి దెబ్బ కొట్టినవాడికి ఒక పాలు, మిగిలింది ఇంటింటికీ. మొగుడు చచ్చిన ఆడమనిషి ఇంటికీ పోగు పోవాల్సిందే. ఏ గూడెం ఎంతవరకు అడవిలో తిరగాలో హద్దులున్నాయి. ఈ గుట్ట మీది, ఆ వాగు అవతలిది మాది. అవతలి గూడెం హద్దులో జంతువు పడితే వాళ్లకూ పాలు పెట్టాలి. న్యూజిలాండ్‌వాడు గేటు గురించి, టెక్సాస్‌వాడు కౌలు గురించి కాగితం మీద రాసుకున్నది వీళ్లు వాగుల పేర్లతో రాసుకున్నారు. ఏడాదిలో కొన్ని రోజులే వేట, అదీ అందరూ కలిసి, అందరి కళ్ల ముందు. ఎంత కొట్టారో ఊరంతటికీ తెలుసు.

నిజాం ప్రభుత్వం రిజర్వు అడవి గీతలు గీసినప్పుడు మొదట చెరిగిపోయింది ఈ హద్దులే. ఆదిలాబాద్ వైపు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన పోరాటంలో అడవి అంటే కట్టె, పోడు, మేత, నీళ్లు. దుప్పి కూడా అందులో భాగమే, ఎవరూ విడిగా పేరు చెప్పరు గానీ.

రాజ్యం పోయింది. 1950ల మొదట్లోనే ఏటూరునాగారం, పాకాల, మెదక్ వైపు పోచారం అభయారణ్యాలయ్యాయి. దేశంలో బాగా పాతవాటిలో మనవి కూడా ఉన్నాయి. అభయారణ్యం బయట మాత్రం శికారు సాగింది. అడవిని బ్లాకులుగా విడగొట్టి పర్మిట్లు ఇచ్చేవాళ్లు. జీపులు వచ్చాయి, జీపులకు సెర్చిలైట్లు వచ్చాయి. రాత్రిపూట లైటు వేస్తే దుప్పి కదలకుండా నిలబడిపోతుంది, కళ్లు రెండూ నిప్పుకణికల్లా. దాన్ని కొట్టడానికి నైపుణ్యం ఎందుకు, పెట్రోలు చాలు. స్వాతంత్ర్యం వచ్చాక పాతికేళ్లలో తుపాకి, జీపు ఉన్న ప్రతివాడూ చిన్న నిజాం అయ్యాడు. జంతువులు నిజంగా అడుగంటిపోయింది ఆ పాతికేళ్లలోనే అని నా అభిప్రాయం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో కూడా మొదట్లో వేటకు లైసెన్సులుండేవన్న సంగతి చాలామందికి తెలియదు. చిన్న వేట, పెద్ద వేట, ప్రత్యేక వేట, పట్టుకోవడం అని నాలుగు రకాలు. చుక్కల దుప్పి, కణితి పెద్ద వేట కింద లెక్క. 1991 సవరణతో ఆ లైసెన్సుల పద్ధతిని ఎత్తేశారు. ఆ రోజు నుంచి సరదా వేట అన్నది ఈ దేశంలో చట్టబద్ధంగా లేదు. మంచి పనే. ఉన్న నాలుగు దుప్పులకు నలభై మంది సభ్యులైతే సంఘం దేనికి?

కాకపోతే ఆ చట్టం జీపులో వచ్చిన కాంట్రాక్టరునూ, పండుగకు అంబు పట్టుకున్న కోయవాణ్నీ ఒకే గాటన కట్టింది. వేటాడిన, పట్టిన, చచ్చి దొరికిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి అని అందులోనే ఉంది. పాకాల చుట్టూ కొత్తగూడ, గూడూరు వైపు అడవి అంచున పెసర వేసిన రైతు దగ్గరకు పొద్దున్నే పోయి చూడండి. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉంటాయి, ఎరుపు, పచ్చ. తీగకు ఖాళీ సీసాలు వేలాడుతుంటాయి, గాలికి ఒకదానికొకటి తగిలి మోగడానికి. మంచె మీద బ్యాటరీతో నడిచే స్పీకరు ఉంటుంది. అందులో రైతు సొంత గొంతే రికార్డు చేసి పెట్టి ఉంటుంది, రాత్రంతా హోయ్ హోయ్ అని అరుస్తూ. రెండు రాత్రులకు దుప్పులు ఆ గొంతుకు అలవాటు పడతాయి. తెల్లారి చూస్తే సాళ్ల వెంట చీలిన గిట్టల అచ్చులు, చిగుళ్లు కోసినట్టు సాఫు. ఎవరివి ఈ జింకలు అంటే సర్కారువి సార్ అంటాడు. ఆ మాటలో భక్తి ఉండదు. నారాయణపేట వైపు కృష్ణా ఒడ్డున కృష్ణజింకల మందలు వచ్చి పడే ఊళ్లలోనూ ఇదే మాట వినబడుతుంది. నష్టపరిహారం ఉంది, దరఖాస్తు ఉంది, ఫోటోలు తీయాలి, అధికారులు వచ్చి చూడాలి. పెసర పంట కాలం రెండు నెలలు. పరిహారం కాలం ఎంతో మీలో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఆ నియమం దగ్గరకు వస్తాను. గురి పెట్టింది ఏమిటో తేల్చుకో అన్నది. మన జయశంకర్ భూపాలపల్లి, ములుగు అడవుల్లో ఇప్పుడు వేటకు ఎక్కువగా వాడేది తుపాకి కాదు, విల్లు కాదు. కరెంటు. పొలాల మీదుగా పోయే లైనుకు వెదురుగడతో కొండి తగిలించి, సన్నటి తీగను జంతువులు నడిచే బాట వెంట, మోకాలి కంటే కింద, పుల్లలు పాతి లాగుతారు. పొద్దుగూకాక కొండి వేసి ఇంటికి పోతారు. ఆ తీగకు దుప్పి అని తెలియదు, పంది అని తెలియదు, పులి అని తెలియదు. రాత్రి మోటరు వేయడానికి పోయిన పక్క చేను రైతు అనీ తెలియదు. 2024 ఫిబ్రవరిలో కాటారం దగ్గర అడవిలో గాలింపుకు పోయిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు ఇట్లాంటి తీగ తగిలే చనిపోయాడు. వేట అనే పనిలో నేర్పు, ఓపిక, జవాబుదారీతనం అన్నీ పోయి, మాంసం ఒక్కటే మిగిలితే తయారయ్యే వస్తువు ఈ తీగ. ఆ మాంసం తినేది తీగ వేసినవాడే అనుకోవద్దు. అందులో ఎక్కువ భాగం పట్నానికి వస్తుంది. పండుగకు దుప్పి కూర దొరుకుతుందా అని ఫోను చేసేవాళ్లు హనుమకొండలో, హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లు అడవిలో ఆ కొండి పడుతూనే ఉంటుంది.

ఒకప్పుడు ఊరంతా కలిసి పోయి, ఊరంతటికీ పోగులు పెట్టిన చోట ఇవాళ ఇద్దరు మనుషులు చీకట్లో పోయి వస్తున్నారు. చూసినవాళ్లు కూడా చెప్పరు. ఎందుకు చెప్పాలి, దుప్పి వాళ్లది కాదు కదా. నా మొత్తం గోడు ఇదే. నిషేధం ఉండాల్సిందే. నిషేధంతో పాటు సభ్యత్వం కూడా తీసేశాం. తీగ ఎవరు వేశారో ఫారెస్టు బీటు ఆఫీసరు కంటే ముందు తెలిసేది ఊరివాళ్లకే. ఊరు నోరు విప్పాలంటే అడవి మీద దానికి ఒక హక్కు, ఒక లెక్క, ఒక పేరు ఉండాలి.

ప్రయత్నం జరగలేదని కాదు. 1992 నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరుతో వన సంరక్షణ సమితులు వచ్చాయి. మీలో చాలామంది అందులో సభ్యులై ఉంటారు. ఇంటికి ఇద్దరు, ఒక ఆడ ఒక మగ. ప్రపంచ బ్యాంకు డబ్బు ఉన్నన్నాళ్లు కందకాలు తవ్వారు, మొక్కలు నాటారు, తీర్మానాలు రాశారు. డబ్బు ఆగిపోయాక చాలా ఊళ్లలో బోర్డు ఒక్కటే మిగిలింది. కూలి కోసం చేరిన సంఘం కూలితో పోతుంది. అందులో ఆశ్చర్యం లేదు.

2006 అటవీ హక్కుల చట్టం వేరు. పోడు పట్టాల చట్టంగానే మనకు తెలుసు. వ్యక్తిగత పట్టా కోసం తొక్కిన గడపల్లో పదో వంతు కూడా సామూహిక హక్కు కోసం తొక్కలేదు మనం, నాయకులూ తొక్కించలేదు. ఆ చట్టంలోనే వేట హక్కును స్పష్టంగా మినహాయించారు. సంప్రదాయంగా అనుభవించిన హక్కులన్నీ ఇస్తాం, వేటాడటం, ఉచ్చు వేయడం తప్ప అని. దాని పక్కనే, సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పెంచుకునే, యాజమాన్యం చేసుకునే హక్కు గ్రామసభకు ఇచ్చారు. అభయారణ్యంలోనూ ఆ హక్కు వర్తిస్తుంది. వన్యప్రాణుల్ని, అడవిని కాపాడటానికి గ్రామసభే తన సభ్యులతో కమిటీ వేసుకోవాలని నియమాల్లో ఉంది. అంటే మన దేశంలో చట్టం ఒప్పుకునే దుప్పి సంఘం ఒకటి కాగితం మీద తయారుగానే ఉంది. తుపాకి లేదు, అంతే.

అది చేయాల్సిన పని కూడా వేటకు దూరమైనది కాదు. నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీసినప్పుడు దుప్పుల లెక్క కూడా తీస్తారు. తెల్లవారగానే అడవిలో రెండు కిలోమీటర్ల గీత వెంట సడి లేకుండా నడుస్తారు. దుప్పి కనబడితే ఎన్ని, ఎంత దూరంలో, ఏ కోణంలో అని కంపాసు, దూరం కొలిచే పరికరం పెట్టి రాసుకుంటారు. పెంటికలు ఎక్కడ ఎన్ని ఉన్నాయో గడులు గీసి లెక్కిస్తారు. గాలి చూసుకుని, ఎండుటాకు తప్పించుకుని నడవడం తెలిసినవాడికి ఇది కొత్త విద్య కాదు. ఏ మడుగులో మే నెల దాకా నీళ్లుంటాయో, ఏ చవిటి నేలకు దుప్పులు నాకడానికి వస్తాయో వాడికి మ్యాపు అక్కర్లేదు. కవ్వాల పులుల అభయారణ్యం నుంచి గానీ గోదావరి అవతలి వేరే అడవుల నుంచి గానీ మన వైపు పులి అప్పుడప్పుడు వచ్చిపోతోంది తప్ప నిలబడటం లేదు. తినడానికి దుప్పి చాలినంత ఉంటే నిలబడేది. ఆ లెక్క ఏటా తీయగలిగింది ఊళ్లో ఉండేవాళ్లే.

కాబట్టి ఏజెన్సీ ఊళ్ల శ్రోతలకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. వ్యక్తిగత పట్టాకు ఫారం ఎ. సామూహిక హక్కులకు ఫారం బి. అటవీ వనరు మీద యాజమాన్యానికి ఫారం సి. ఈ ఫారం సి 2012 సవరణతో వచ్చింది. దరఖాస్తు గ్రామసభ పేరు మీద, అటవీ హక్కుల కమిటీ ద్వారా పోవాలి. సబ్ డివిజన్ కమిటీ, ఆ తర్వాత జిల్లా కమిటీ చూస్తాయి. రుజువులకు పాత రికార్డులే ఉండాలని లేదు. మేత బీళ్లు, దుంపలూ పండ్లూ ఏరుకునే చోట్లు, నీటి మడుగులు, దేవర చెట్లు, పాతిపెట్టిన స్థలాలు, ఇవన్నీ రుజువులే. దరఖాస్తుదారులు కాని పెద్దవాళ్లు నోటితో చెప్పింది రాసి జతచేసినా రుజువే. పండుగ వేటకు పోయి హద్దులు నడిచిన ముసలివాళ్లు కొన్ని గూడేలలో ఇంకా ఉన్నారు. వేట కథ అని భయపడి నోరు మూసుకుంటారు. వేట సంగతి అడగకండి, హద్దు సంగతి అడగండి. ఏ గుట్ట దగ్గర ఆగేవాళ్లు, ఏ వాగు అవతల అడుగుపెట్టేవాళ్లు కాదు, మధ్యలో మడుగులెన్ని. వాళ్లు చెప్పిన పేర్లన్నీ చెప్పిన వరసలోనే రాసుకోండి, కింద వేలిముద్ర వేయించండి. వచ్చే గ్రామసభ ఎజెండాలో ఫారం సి అన్న అంశం చేర్చమని కార్యదర్శికి ఇప్పుడే రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.